సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు: పట్టు రైతు ఏ వరుసలో చూసుకోవాలి?

(సరిహద్దు గ్రామాల పట్టు రైతుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్టు పరిశ్రమ శాఖ కరపత్రంలో ట్రాక్టరు ఇంజను సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. మల్బరీ నాటే దూరం, చాకీ పెంపకం, షెడ్డు శుద్ధి వంటి విషయాలు ఇదివరకే చాలాసార్లు చెప్పుకున్నాం. అవన్నీ సక్రమంగా చేసిన రైతు కూడా ఒక్క ఉదయం ట్రాక్టరు కదలక పంటలో నష్టపోయే వీలుంది. అందుకే ఈ రోజు ఈ విషయం తీసుకున్నాను.

లెక్క ఒకసారి గుర్తు చేసుకుందాం. 100 వ్యాధిరహిత గుడ్ల సమూహాల పంటకు మొత్తం మీద సుమారు ఒక టన్ను ఆకు కావాలి. అందులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే, అంటే నాలుగో జ్వరం తీరిన తరువాత వచ్చే ఆరేడు రోజుల్లోనే పురుగు తింటుంది. పట్టు గ్రంథి పెరిగేది కూడా ముఖ్యంగా ఆ రోజుల్లోనే. అప్పుడు మేత తగ్గితే గూడు తేలికవుతుంది, పొర పలచబడుతుంది. ఆ తరువాత ఎంత మేపినా ఆ లోటు తీరదు. కన్నడంలో రేష్మె అన్నా, తమిళంలో, తెలుగులో పట్టు అన్నా పురుగు ఆకలి ఒక్కటే.

మన ప్రాంతంలో చాలామందికి తోట ఒకచోట, పెంపకపు షెడ్డు మరొకచోట ఉంటాయి. కొమ్మ మేత పద్ధతి వచ్చాక కొమ్మలతో సహా మోయాలి కాబట్టి బరువు ఇంకా పెరిగింది. చిన్న ట్రాక్టరో, పవర్ టిల్లరో లేకుండా ఆ పని సాగదు. అలాంటి రోజున సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే ఏం చేయాలి? చాలామంది చేసే పని ఒకటే: బ్యాటరీ దిగిపోయేదాకా తాళం తిప్పుతూనే ఉంటారు. అప్పుడు ఒక జబ్బు రెండవుతుంది. అలా కాకుండా ఒక వరుస ప్రకారం చూసుకుంటే చాలా సందర్భాల్లో పావుగంట నుంచి అరగంట లోపల కారణం తెలుస్తుంది. ఆ వరుసే నేను చెప్పబోయేది.

మొదట జబ్బును వేరు చేసుకోండి

"బండి స్టార్టు కావడం లేదు" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి.

తాళం తిప్పితే చప్పుడే లేదు, లేదా టిక్కుమని ఊరుకుంటుంది. ఇది బ్యాటరీ, దాని తీగలు, సెల్ఫ్ లేదా గేరు దగ్గరి న్యూట్రల్ స్విచ్చికి సంబంధించినది.

ఇంజను మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది. ఇది బ్యాటరీ బలహీనత, లేదా బ్యాటరీ తీగల కొనల దగ్గర చేరిన తెల్లటి, పచ్చటి చిలుము. ముందు దీన్ని సరిచేయాలి. నెమ్మదిగా తిరిగే డీజిల్ ఇంజను, మిగతా అన్నీ బాగున్నా అందుకోదు. నిండుగా చార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ తిప్పేటప్పుడు అది 9.5 కంటే కిందికి పడితే బ్యాటరీ పైనో, కనెక్షన్ల పైనో అనుమానపడాలి.

ఇంజను ఎప్పటిలాగే జోరుగా తిరుగుతుంది, కానీ అందుకోదు. ఈ మూడోదే నేటి విషయం. ఇక్కడ బ్యాటరీ, సెల్ఫ్ బాగానే ఉన్నట్టు. వాటి మీద సమయం పెట్టవద్దు.

డీజిల్ ఎలా మండుతుంది?

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. ఇంజనులో జరిగేదీ అదే. పిస్టను గాలిని సుమారు 16 నుంచి 22వ వంతుకు అణిచివేస్తుంది. ఆ అణచివేతలో గాలి కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిలును మంచులా చిమ్మితే అది దానంతట అదే అంటుకుంటుంది.

కాబట్టి కావలసినవి మూడే: డీజిల్, గాలి, వేడి. ఇంజను తిరుగుతూ అందుకోలేదంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి అందలేదన్నమాట. ఏది అందలేదో ఇంజనే చెబుతుంది. ఎలాగో కాసేపట్లో చెబుతాను.

పానా పట్టక ముందు రెండు నిమిషాలు

ట్రాక్టరును సమతలంగా నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండు బ్రేకు వేయండి. వెనుక పీ.టీ.ఓ. లీవరు తీసి ఉంచండి. పిల్లలను దూరంగా పంపండి. బీడీ, సిగరెట్టు వద్దు. తరువాత ఇవి చూడండి.

1. ఇంజను ఆపడానికి లాగే నాబు పూర్తిగా లోపలికి వెళ్ళిందా? రాత్రి లాగి ఆపి, ఉదయం మరిచిపోవడం సర్వసాధారణం. నాబు లోపలికి వెళ్ళినా దాని తీగ మట్టి పట్టి బిగుసుకుని, పంపు దగ్గరి లీవరు వెనక్కి రాకపోవచ్చు. ఒకరు నాబు కదిపి, మరొకరు పంపు దగ్గర చూడాలి.

2. తాళంతోనే ఆగే బండి అయితే, తాళం ఆన్ చేయగానే పంపు దగ్గర "టక్" మనే చిన్న శబ్దం వినిపించాలి. అది డీజిలుకు దారి తెరిచే సోలినాయిడ్ శబ్దం. వినిపించకపోతే ఫ్యూజు, తీగ చూడండి. ఆకు, ధాన్యం ఉన్నచోట ఎలుకలు చేరతాయి. అవి తీగలు కొరకడం మామూలే.

3. ట్యాంకులో డీజిల్ ఉందా? ముల్లును నమ్మకండి. మూత తీసి చూడండి. ట్రాక్టరు వాలులో నిలిచి ఉంటే కొద్దిపాటి డీజిల్ ఒక మూలకు చేరి పైపుకు అందదు.

4. ట్యాంకు కింది కుళాయి తెరిచి ఉందా?

5. ట్యాంకు మూత తీసినప్పుడు "స్" మని గాలి లోపలికి పీల్చుకుందా? అయితే మూతలోని సన్నని రంధ్రం మట్టితో మూసుకుపోయింది. అది మూసుకుపోతే డీజిల్ కిందికి దిగదు. సన్నని తీగతో శుభ్రం చేయండి.

6. ఇంజను ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉన్నా, డీజిల్ వాసన వేస్తూ మట్టం పెరిగినా ఇక తిప్పవద్దు. మెకానిక్కును పిలవాలి.

పవర్ టిల్లరు ఉన్నవారు మరొకటి చూడాలి. హ్యాండిలుతో తిప్పే ఇంజనుకు డీకంప్రెషన్ లీవరు ఉంటుంది. తిప్పడం సులువు కావడానికి అది వాల్వును తెరిచి ఉంచుతుంది. ఇంజను వేగం అందుకోగానే ఆ లీవరును వదలాలి. అది ఎత్తి ఉన్నా, అరిగి పూర్తిగా దిగకపోయినా గాలి అణగదు, వేడి పుట్టదు. ఎంత తిప్పినా ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు.

ఇంజను మాట వినండి: పొగ చూడండి

ఇది నేటి ప్రసంగంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం. ఒకరు సీటులో కూర్చుని పది సెకన్లు సెల్ఫ్ తిప్పాలి. మరొకరు పక్కన నిలబడి సైలెన్సరు కొనను చూడాలి. తిప్పేటప్పుడు వచ్చే పొగ మూడు రకాలు.

పొగే లేదు: డీజిల్ సిలిండరులోకి వెళ్ళడం లేదు.

తెల్లటి పొగ, కళ్ళు మండించే పచ్చి డీజిల్ వాసన: డీజిల్ వెళుతోంది, కానీ మండడం లేదు. వేడి చాలడం లేదు, లేదా డీజిలులో నీళ్ళున్నాయి.

నల్లటి పొగ: డీజిల్ వెళుతోంది, గాలి చాలడం లేదు.

పది సెకన్లకు మించి తిప్పవద్దు. ఒకసారి తిప్పాక కనీసం ఒకటి రెండు నిమిషాలు ఆగండి. సెల్ఫ్ మోటారు ఎక్కువసేపు తిరగడానికి చేసినది కాదు. అది కాలిపోతే నాజిల్ ఖర్చుకు సెల్ఫ్ ఖర్చు తోడవుతుంది.

పొగే లేనప్పుడు: డీజిల్ ఎక్కడ ఆగింది?

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మల్బరీ తోటలో డ్రిప్పు వేసినవారికి ఈ పని కొత్త కాదు. చివరి మొక్కకు నీరు అందకపోతే మోటారు దగ్గర మొదలుపెట్టి ఫిల్టరు, మెయిన్ పైపు, పక్క పైపు వరుసగా చూస్తూ పోతాం. ఎక్కడిదాకా నీరు వస్తోందో, ఎక్కడ ఆగిందో ఆ మధ్యనే అడ్డు ఉంటుంది. ఇక్కడా అంతే. ట్యాంకు, కుళాయి, ఫీడ్ పంపు, ఫిల్టరు, డీజిల్ పంపు, నాజిల్ వరుస. ఫీడ్ పంపు లేని చిన్న ఇంజనుల్లో డీజిల్ ట్యాంకు ఎత్తు వల్లనే కిందికి దిగుతుంది.

ముందు ట్యాంకు నుంచి వచ్చే పైపును ఫిల్టరు దగ్గర వదులు చేసి, కింద శుభ్రమైన గాజు సీసా పట్టండి. డీజిల్ ధారగా రావాలి. చుక్కలుగా వస్తే ట్యాంకులోని జల్లెడో, పైపో మూసుకుంది. ఫీడ్ పంపు ఉంటే దాని చేతి లీవరు కొట్టి చూడండి. సీసాను పది నిమిషాలు కదలకుండా పెట్టండి. నీళ్ళుంటే అడుగున వేరుగా నిలుస్తాయి.

ఫిల్టరు దాకా బాగా వచ్చి, ఫిల్టరు దాటాక రాకపోతే ఫిల్టరు మూసుకుంది. దాన్ని కడిగి మళ్ళీ వేయవద్దు. కాగితపు ఫిల్టరు కడిగితే చిల్లులు పడి, మురికి నేరుగా డీజిల్ పంపులోకి పోతుంది. కొత్తది వేయాలి. ఒక కొత్త ఫిల్టరు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి.

డీజిల్ పూర్తిగా అయిపోయి బండి ఆగితే, లేదా ఫిల్టరు మారిస్తే పైపుల్లోకి గాలి చేరుతుంది. దీన్నే మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటారు. డీజిల్ పోశాం కదా అని తిప్పుతూ పోతే బ్యాటరీ దిగడమే తప్ప లాభం లేదు. పంపు డీజిలును నెట్టగలదు గాని, గాలి బుడగ స్పంజిలా అణగి ఊరుకుంటుంది. నాజిల్ తెరుచుకోవడానికి వందకు పైగా కిలోల ఒత్తిడి ప్రతి చదరపు సెంటీమీటరుకు కావాలి. గాలి ఉంటే ఆ ఒత్తిడి రాదు. ఆ గాలి తీసే పద్ధతి ఇది.

మొదటి మెట్టు: ఫిల్టరు పైన ఉన్న గాలి తీసే బోల్టును రెండు చుట్లు వదులు చేయండి. ఫీడ్ పంపు చేతి లీవరును కొడుతూ ఉండండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగ లేని డీజిల్ ధార రాగానే, లీవరు కొడుతూనే బోల్టు బిగించండి.

రెండో మెట్టు: డీజిల్ పంపు పైనున్న బోల్టు దగ్గర కూడా అలాగే చేయండి.

మూడో మెట్టు: నాజిల్ దగ్గరి పైపు నట్టును ఒక్క చుట్టు వదులు చేసి, దాని మీద గుడ్డ కప్పండి. మరొకరు సెల్ఫ్ తిప్పాలి. డీజిల్ గుడ్డలోకి చిమ్మగానే నట్టు బిగించండి. రెండు మూడు సిలిండర్లుంటే ఒక్కొక్కటిగా చేయండి. తరువాత కారిన డీజిల్ తుడిచి, స్టార్టు చేసి చూడండి.

గాలి తీసినా మళ్ళీ మళ్ళీ చేరుతుంటే ఎక్కడో పైపు జాయింటు పీలుస్తోంది. బోల్టు కింద ఉండే రాగి వాషర్లు నలిగి ఉంటాయి. వాటిని మార్చండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరగలదు. ధార ఎక్కడ వస్తుందో చూడటానికి చేయి అడ్డం పెట్టవద్దు, ముఖం దగ్గరికి తేవద్దు. చర్మంలోకి దూరితే గాయం సూది మొనంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. అయినా ఆలస్యం చేయక అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళి, డీజిల్ దూరిందని డాక్టరుకు చెప్పండి. కొత్తగా వచ్చిన కంప్యూటరు పంపు ఇంజనుల్లో ఒత్తిడి మరెన్నో రెట్లు ఎక్కువ. అలాంటి బండిలో నాజిల్ పైపులు మీరు వదులు చేయనే కూడదు.

పంపులోకి డీజిల్ బాగా వస్తోంది, గాలి లేదు, ఆపే లీవరు సరిగా ఉంది, అయినా నాజిల్ దగ్గర చుక్క రావడం లేదంటే పంపు లోపల బిగుసుకుంది. నీళ్ళు కలిసిన డీజిలుతో నెలల తరబడి నిలిచిన బండికి ఇలా జరుగుతుంది. డీజిల్ పంపును మాత్రం ఇంట్లో విప్పవద్దు. లోపలి భాగాల మధ్య సందు తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. విప్పిన చేతి దుమ్ము చాలు, అది పాడవడానికి.

తెల్ల పొగ వస్తున్నప్పుడు

కోలారు, హోసూరు ప్రాంతాలు సముద్ర మట్టానికి 800 నుంచి 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. మార్గశిరం, పుష్యమాసాల తెల్లవారుజామున ఇక్కడ చలి ఎంతుంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఆకు కోసేది ఆ చల్లని వేళలోనే. ఇంజను చల్లబడి ఉన్నప్పుడు అణచివేతలో పుట్టిన వేడిని ఇనుమే లాగేసుకుంటుంది.

అందుకోసమే చాలా చిన్న ట్రాక్టర్లలో హీటర్ ప్లగ్గులుంటాయి. తాళాన్ని హీటర్ స్థానంలో ఉంచి, దీపం ఆరేదాకా లేదా బండి పుస్తకంలో చెప్పినన్ని సెకన్లు ఆగి, అప్పుడు తిప్పాలి. తొందరలో ఈ ఆగడం మానేయడమే సగం సందర్భాల్లో కారణం. ఆగినా అందుకోకపోతే ప్లగ్గుకు కరెంటు వస్తోందో లేదో చూడండి. 12 వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి ప్లగ్గు తల మీద, మరొకటి ఇంజను ఇనుముకు ఆనించి, తాళం హీటర్ స్థానంలో పెట్టించండి. బల్బు వెలగకపోతే ఫ్యూజు, తీగ చూడాలి. వెలిగినా ఇంజను అందుకోకపోతే ప్లగ్గులే పోయి ఉండవచ్చు. కొన్ని ఇంజనులకు హీటర్ ప్లగ్గులే ఉండవు. మీ బండికి ఉన్నాయో లేవో ముందే తెలుసుకుని ఉండండి.

చలి లేని రోజున కూడా తెల్ల పొగే వస్తుంటే ఫిల్టరు అడుగున నీళ్ళు చేరాయేమో చూడండి. ఫిల్టరు కింది బోల్టు వదులు చేసి, మంచి డీజిల్ వచ్చేదాకా వదిలి, మళ్ళీ గాలి తీయాలి.

నీళ్ళూ లేవు, హీటరూ బాగుంది, అయినా ఇంజను మామూలు కంటే తేలికగా, బరువు లేనట్టు గిరగిర తిరుగుతోందంటే అణచివేత తగ్గింది. వాల్వులో, పిస్టను రింగులో, హెడ్ గాస్కెట్టో చూడాలి. అది మెకానిక్కు పని.

నల్ల పొగ వస్తున్నప్పుడు

ఎయిర్ క్లీనరు విప్పండి. ఇది పట్టు రైతు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన భాగం. షెడ్డు శుద్ధికి, పడకల మీద చల్లడానికి సున్నం పొడి తెస్తాం. ఆ బస్తాలు మోసే బండి, ఆ పొడి లేచే షెడ్డు పక్కనే నిలిపే బండి ఆ దుమ్మునంతా పీలుస్తుంది. ఎండాకాలం తోట దున్నేటప్పుడు లేచే ఎర్రమట్టి సరేసరి.

కాగితపు ఎయిర్ ఫిల్టరు అయితే బయటికి తీసి, మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి గాలి ఊదండి. నీళ్ళతో కడగవద్దు. ఆయిల్ గిన్నె ఉండే రకమైతే ఆయిల్ బురదగా మారితే పారబోసి, గిన్నె కడిగి, గీత వరకే కొత్త ఆయిల్ పోయండి. గీత దాటి పోస్తే ఇంజను ఆ ఆయిలును లోపలికి లాగుతుంది. బండి చాలా రోజులు నిలిచి ఉంటే గాలి పైపులో ఎలుక గూడు, సైలెన్సరులో కందిరీగల మట్టిగూడు ఉన్నాయేమో కూడా చూడండి.

ఎయిర్ క్లీనరు బాగున్నా నల్ల పొగ వస్తుంటే నాజిల్ సరిగా చిమ్మక కారుతోందని అనుమానం. నాజిల్ పరీక్ష యంత్రం ఉన్న షాపులో చూపించాలి.

చేయకూడని పనులు

గాలి పైపులో పెట్రోలు పోయడం, ఈథర్ స్ప్రే కొట్టడం చేయవద్దు. హీటర్ ప్లగ్గు వేడిగా ఉన్నప్పుడు అది ఇంజనులోకి చేరితే పేలుతుంది. మనిషికి, పిస్టనుకు కూడా ప్రమాదమే.

ఇంజను వేడెక్కాలని కింద మంట పెట్టవద్దు. కావాలంటే రేడియేటరు మీద, గాలి పైపు మీద వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కప్పండి.

పొగే రాని బండిని మరో ట్రాక్టరుకు కట్టి లాగించవద్దు. డీజిల్ రాని ఇంజను ఊరి చివరిదాకా లాగినా అందుకోదు.

బ్యాటరీ దగ్గర నిప్పు వద్దు. అందులోంచి వచ్చే గాలి మండుతుంది. తీగలు విప్పేటప్పుడు నెగెటివ్ తీగ ముందు తీయండి, బిగించేటప్పుడు అదే చివర బిగించండి.

డీజిల్ చేతులతో ఆకు ముట్టవద్దు

ఇంజను బాగుపడింది. ఆకు తేవాలి. ఆ తొందరలో జరిగే తప్పు ఇది. పట్టుపురుగు వాసనలకు, విషాలకు ఎంత సున్నితమైనదో మీకు తెలుసు. డీజిల్ అంటిన చేత్తో కోసిన ఆకు, డీజిల్ కారిన ట్రైలరులో తెచ్చిన ఆకు పురుగు సరిగా తినదు.

ఇంజను పని చేసినవారు సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగి, బట్టలు మార్చాలి. వీలైతే ఆ పూట ఆకు పని ఇంట్లో మరొకరు చూడాలి. ట్రైలరులో డీజిల్ పడితే సోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఆకు కోసం ప్రత్యేకంగా ఉంచిన పట్టా పరవండి. ఇంజను పొగ షెడ్డు కిటికీల వైపు పోకుండా బండిని తిప్పి నిలపండి. డీజిల్ డబ్బాలు పెంపకపు షెడ్డులో ఉంచవద్దు. అలాగే బ్లీచింగ్ పౌడరు ఉన్న గదిలో ట్రాక్టరు నిలపవద్దు. దాని ఘాటుకు తీగల కొనలు, స్విచ్చులు తుప్పు పడతాయి.

బండి ఆ పూటకు బాగుపడకపోతే పక్కవారి ట్రాక్టరు అద్దెకు తెస్తారు. ఎక్కే ముందే అడగండి: నిన్న ఏం మోశారు? టమాట తోటకు మందు కొట్టిన డ్రమ్ములు, పురుగుమందు డబ్బాలు, పొగాకు మోసిన ట్రైలరు అయితే ఆకు వేయవద్దు. పొగాకు విషం పట్టుపురుగుకు ప్రాణాంతకం. ఎద్దుల బండి దొరికితే అదే మేలు.

మెకానిక్కు వచ్చేలోపల

పురుగులను పూర్తిగా పస్తుంచకండి. షెడ్డుకు దగ్గరగా ఉన్న ఆకు కోసి, ఉన్నదాన్ని అన్ని పడకలకూ పలచగా పంచండి. కొన్ని పడకలకు నిండుగా, కొన్నింటికి ఏమీ లేకుండా వేస్తే పురుగులు ఎగుడుదిగుడుగా మాగుతాయి. మిగిలిన ఆకును కుప్పగా పోయవద్దు. నిలువుగా పేర్చి, తడి గోనె కప్పండి. బండి ఎప్పుడు వస్తుందో తెలియదని ఎండలో ముందే ఆకు కోసి పెట్టుకోవడం కూడా వద్దు. వాడిన ఆకు పెట్టడం కన్నా రెండు గంటలు ఆలస్యంగా తాజా ఆకు పెట్టడం మంచిది.

మెకానిక్కుకు ఫోను చేసేటప్పుడు "బండి స్టార్టు కావడం లేదు" అని ఊరుకోకండి. నాలుగు సంగతులు చెప్పండి. సెల్ఫ్ జోరుగా తిరుగుతోందా, లేదా? పొగ ఉందా, ఏ రంగు? డీజిల్ ఎక్కడిదాకా వస్తోంది? బండి చివరిసారి ఆగినప్పుడు ఎలా ఆగింది, మామూలుగా ఆపారా, దానంతట అదే ఆగిందా? ఈ నాలుగూ చెబితే ఏ సామాను తేవాలో మెకానిక్కుకు ముందే తెలుస్తుంది. మెకానిక్కు కన్నడం మాట్లాడేవారైనా, తమిళం మాట్లాడేవారైనా నాజిల్, ఫిల్టరు, సెల్ఫ్, ఎయిర్ లాక్ అనే మాటలు మూడు భాషల్లోనూ ఒకటే. కాబట్టి భాష రాదని జంకవలసిన పని లేదు.

నాలుగో జ్వరం రోజే ఇంజను పరీక్ష

చివరగా ఒక అలవాటు చెబుతాను. ఇది చేసుకుంటే పైన చెప్పిన వాటిలో చాలావరకు అవసరమే రాదు.

పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నప్పుడు సుమారు ఒక రోజు, చలిలో ఇంకొంచెం ఎక్కువ, మేత ముట్టవు. ఆ రోజు ఆకు పని ఉండదు. మరునాటి నుంచి వారం పాటు ఊపిరాడదు. ఆ మధ్యలో దొరికిన ఆ ఖాళీ రోజునే ఇంజను పరీక్షకు కేటాయించండి. చల్లగా ఉన్న ఇంజనును ఉదయమే స్టార్టు చేసి చూడండి. ఫిల్టరు అడుగు నీళ్ళు వదలండి. ఎయిర్ క్లీనరు చూడండి. బ్యాటరీ పలకలు మునిగేలా డిస్టిల్డు నీళ్ళు పోసి, తీగల కొనలు శుభ్రం చేయండి. సాయంత్రం ట్యాంకు నింపండి. ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ చేరి నీళ్ళవుతుంది. డీజిల్ పోసేటప్పుడు గరాటకు సన్నని జల్లెడ పెట్టండి. మందుల డబ్బాతో డీజిల్ తేవద్దు. ఆ రోజు లోపం బయటపడితే బాగుచేయించుకోవడానికి మీకు ఒక పగలు, ఒక రాత్రి ఉంటాయి. మేత మొదలయ్యాక బయటపడితే ఒక పూట కూడా ఉండదు.

షెడ్డులో ఒక డబ్బా పెట్టుకోండి. అందులో 10 నుంచి 19 వరకు పానాలు, స్క్రూ డ్రైవరు, ఒక కొత్త డీజిల్ ఫిల్టరు, నాలుగు రాగి వాషర్లు, రెండు ఫ్యూజులు, తీగలు కట్టిన 12 వోల్టుల బల్బు, గాజు సీసా, శుభ్రమైన గుడ్డ, సబ్బు ఉండాలి. గాలి తీసే పద్ధతిని ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి. పురుగుల పని ఎక్కువగా చూసేది ఆడవారే. కాబట్టి వారికీ ఇది నేర్పండి. బలంతో పని లేదు, వరుస తెలిస్తే చాలు.

నాబు, డీజిల్, కుళాయి చూడండి. తరువాత పొగ చూడండి. పొగ లేకపోతే డీజిల్ దారి, తెల్లగా ఉంటే వేడి, నీళ్ళు, నల్లగా ఉంటే గాలి. ఈ కాగితాన్ని ట్రాక్టరు నిలిపేచోట గోడకు అంటించుకోండి.